సున్నా అక్క చెయ్యి

ఆ షెడ్డులోకి అడుగు పెట్టే ముందు ఎంతటివాడైనా సరే, ఒంటి మీదున్న లోహమంతా తీసి తలుపు పక్కనున్న చెక్క ట్రేలో పెట్టి రావలసిందే. ఉంగరం, గొలుసు, వాచీ, తాళంచెవులు, జుట్టులో పిన్నులు, జేబులో చిల్లర, ఏదీ లోపలికి రాకూడదు. ఒకసారి మేనేజరుగారే స్కూటరు తాళం జేబులో మరిచిపోయి బల్లల దాకా వచ్చేశారు. మీటర్ల ముళ్ళన్నీ ఒక్కసారిగా ఎగిరిపడ్డాయి. "ఎవరండీ ఆ దొంగ?" అని తలెత్తకుండానే అరిచింది సున్నా అక్క. అప్పట్నుంచీ మేనేజరుగారు గుమ్మంలోనే నిలబడి, జేబులు రెండూ బయటికి లాగి చూపించి మరీ లోపలికి వచ్చేవారు.

అక్కడ తయారయ్యేవి మెటల్ డిటెక్టర్ల పళ్ళేలు. పళ్ళెం అంటే పొడుగాటి కర్ర చివర గుండ్రంగా ఉండి, నేలకి ఆనీ ఆనకుండా ఆడించే భాగం. ఎప్పుడో జరిగిన యుద్ధాల్లో పాతిపెట్టి, ఎక్కడ పెట్టారో పెట్టినవాళ్ళే మరిచిపోయిన మందుపాతరల్ని వెతికేవాళ్ళకి అవి వెళ్తాయి. ఒక్కో పళ్ళెంలో రెండు రాగితీగ చుట్టలు ఉంటాయి. మొదటిది నేలలోకి కేక వేస్తుంది. రెండోది జవాబు కోసం చెవి ఒగ్గుతుంది. వచ్చే జవాబేమో మహా పీలగా ఉంటుంది. కేబులు వెంట పైదాకా వచ్చేలోపే దారిలోని గోలలో కలిసిపోతుంది. అందుకే ఆ గొంతు పెంచే ఆంప్లిఫైయరు బిళ్ళని పైన డబ్బాలో కాకుండా కింద పళ్ళెంలోనే, చుట్ట పక్కనే పెట్టెయ్యాలి.

పెట్టెయ్యాలి అనడం ఎంతసేపు! బిళ్ళ మాత్రం లోహం కాదూ? దానికీ టంకం ఉంటుంది, తీగెలు ఉంటాయి. చోటు గోరంత తప్పితే డిటెక్టరు తన కడుపులో ఉన్నదాన్నే కనిపెట్టి రోజంతా కూస్తూ కూర్చుంటుంది. అలా కూయకుండా ఉండే చోటు ప్రతి పళ్ళెంలోనూ ఒకటే ఒకటి ఉంటుంది. బిళ్ళనీ, దాని తీగ మెలికనీ సర్దుకుంటూ పోగా పోగా, ఆ చోటికి రాగానే మీటరు ముల్లు సున్నా మీద నిలుస్తుంది. అప్పుడు పైన రెజిన్ అనే చిక్కటి జిగురు పోస్తారు. అది గట్టిపడితే ఇక విప్పడమంటూ లేదు, పగలగొట్టుకోవడమే.

మిగతావాళ్ళు ముల్లు సున్నాకి రాగానే బిళ్ళకి ప్లాస్టిక్ క్లిప్పు తగిలించి చెయ్యి తీసేసేవారు. రెజిన్ గట్టిపడుతూ గట్టిపడుతూ కొంచెం ముడుచుకుంటుంది, దాంతో బిళ్ళ వెంట్రుకవాసి జరుగుతుంది. పదింట్లో మూడు చెత్తబుట్టకి పోయేవి. సున్నా అక్క ఆ క్లిప్పుల జోలికి పోదు. కుడి ముంజెయ్యి పళ్ళెం మీదుగా చాపి, వెదురు పుల్లతో బిళ్ళని నొక్కి పట్టుకుని, రెజిన్ రాయి అయ్యేదాకా ఇరవై నిమిషాలు ముల్లు మీంచి చూపు తిప్పకుండా కూర్చుంటుంది. ముల్లు కదలబోతే పుల్ల ఓ పిసరు అటో ఇటో. అయిపోయాక ఎడంచేత్తో మీటరు స్విచ్చి ఆపి, అప్పుడు కుడిచెయ్యి తీస్తుంది. మళ్ళీ చూడడం ఉండదు. ఇరవై నిమిషాలు కళ్ళల్లో వత్తులు వేసుకుని చూశాక ఇంకా ఏం చూస్తారు? ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి పళ్ళెం ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు. ఆమెకి ఆ పేరు అందుకే వచ్చింది. అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆమె కూతురు ఆ పళ్ళేలు పట్టుకుని మందుపాతరలు వెతికే పనిలోనే చేరింది. బస్సులో ఒకటిన్నర రోజు ప్రయాణం అక్కడికి. తండ్రి లేని పిల్ల, ఒక్కగానొక్కతి. చేరతానన్న రోజున తల్లీకూతుళ్ళకి పెద్ద రభస జరిగింది.

"లోకంలో నీకింకే పనీ దొరకలేదటే?"

"నువ్వు చేసిన పళ్ళేలు నమ్ముకుని మూడొందల మంది నడుస్తున్నారు కదమ్మా. వాళ్ళందరూ నమ్మొచ్చుగానీ నేను నమ్మకూడదా?"

తల్లి లేచి కూతురికి బట్టలు సర్దింది.

నాలుగేళ్ళు సవ్యంగానే గడిచాయి. ఆ తరవాత ఒకరోజు సున్నా అక్క నీళ్ళ బకెట్టుతో మెట్ల మీద జారిపడింది. కుడి మణికట్టు రెండు ముక్కలైంది. ఆసుపత్రిలో కోసి, లోపల వేలెడు పొడుగు స్టీలు ప్లేటు పెట్టి, ఆరు స్క్రూలు బిగించారు. "ఇది ఇక మీతోనే ఉంటుందమ్మా, తియ్యక్కర్లేదు" అన్నాడు డాక్టరు. మూడు నెలలు ఇంట్లో ఉంది. కూతురు ఫోనులో పకపకా నవ్వింది.

"అయితే ఇప్పుడు నిన్ను కూడా మా మెషిన్ పట్టేస్తుందన్నమాట! ఇంటికొచ్చాక ముందు నీ మీదే టెస్టు చేస్తా. పారిపోయినా దొరికిపోతావ్."

"చాల్లే నీ వేళాకోళం" అని తల్లి కూడా నవ్వింది. ఆ సంగతి పనివాళ్ళకి చెబితే గంట బాబాయి కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. గంట బాబాయి అంటే తయారైన పళ్ళేలని పరీక్ష చేసే పెద్దాయన. జానెడు దూరంలో మేకు ఆడిస్తాడు, గంట మోగితే పాస్. అందరూ నవ్వారు. చెప్పొద్దూ, ఆ నవ్విన వాళ్ళలో ఒక్కరికైనా బుర్రలో దీపం వెలిగి ఉంటే ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

ఆమె పనిలోకి తిరిగి వచ్చిన రోజున గాజులూ, చెవులవీ, పిన్నులూ వరసగా తీసి ట్రేలో పెట్టింది. ఎవరి ఒంటి మీదున్నవి వాళ్ళు తీస్తారు. ఒంటి లోపలున్నదాని గురించి ఎవరికి గుర్తుంటుంది?

కూతురుండే క్యాంపుకి పాతబడిన ఒక పళ్ళెం బదులు కొత్తది పంపాల్సి ఉందని మేనేజరు చెప్పారు. "మొదటిది అదే చేస్తాను" అంది. చెయ్యి ఇంకా సన్నగా వణుకుతోంది. వణుకుతోంది కదా అని మరింత కిందికి, మణికట్టు పళ్ళేనికి తగిలేంత దగ్గరగా ఆనించి పట్టుకుంది. ఇరవై నిమిషాలు చాలదని నలభై నిమిషాలు కూర్చుంది. నడుం లాగేసింది, చెమట కళ్ళల్లోకి కారింది, తుడుచుకోలేదు. ముల్లు సున్నా మీంచి ఊపిరంతైనా కదల్లేదు. అంత చక్కటి సున్నా తన జన్మలో చూడలేదనుకుంది. గంట బాబాయి మేకు ఆడిస్తే గంట ఖంగుమని మోగింది. పళ్ళెం అంచు మీద ఆకుపచ్చ రంగుతో చిన్న చుక్క పెట్టి కూతురి పేరున పార్సిల్ కట్టింది. తరవాతి రెండు వారాల్లో మెల్లగా ఇంకో మూడు చేసింది. అవి స్టోరులో ఉన్నాయి.

మూడో వారంలో, ఒక మంగళవారం పొద్దున్న, ఆకాశం మబ్బు పట్టింది. వాన వచ్చేముందు మణికట్టు సలుపుతుందని డాక్టరు చెప్పనే చెప్పాడు. రెజిన్ పోసి అప్పటికి అయిదు నిమిషాలైంది. నొప్పి భరించలేక పుల్లని ఎడంచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి వెనక్కి తీసింది.

ముల్లు బొటనవేలంత దూరం ఎగిరి నిలబడింది.

బల్ల కదిలిందేమో అనుకుంది. కుడిచెయ్యి మళ్ళీ చాపింది. ముల్లు సున్నాకి వచ్చింది. తీసింది, ఎగిరింది. చాపింది, వచ్చింది. నాలుగోసారికి ఆమెకి అర్థమైంది.

ఇన్నాళ్ళూ ముల్లుని సున్నాకి తెచ్చింది ఒక్క బిళ్ళ కాదు. బిళ్ళా, తన చేతిలోని ప్లేటూ కలిసి. తను చెయ్యి తీసేశాక ఆ పళ్ళెంలో, బయటికి మోగేంత పెద్దది కాని ఒక కూత ఎప్పటికీ లోలోపల మిగిలిపోతుంది. ఆంప్లిఫైయరు ఆ కూతతోనే సగానికి పైగా నిండిపోయి ఉంటుంది.

"బాబాయ్! ఓ తట్టెడు తడిమట్టి తీసుకురా, పెరట్లోంచి" అని అరిచింది.

"మట్టెందుకమ్మా?"

"తెమ్మంటే తే బాబాయ్, నీకు పుణ్యముంటుంది!"

స్టోరులోని మూడింట్లో ఒకటి తీసి పొడి బల్ల మీద పెట్టారు. మేకు ఆడిస్తే గంట మోగింది. అదే పళ్ళేన్ని తడిమట్టి మీద పెట్టి, మట్టి కింద మేకు దూర్చారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. తడినేల కూడా తనవంతు గోల కొంత చేస్తుంది. అది మామూలే, మంచి పళ్ళెం దాన్ని తట్టుకుంటుంది. దీంట్లో మాత్రం ఆ కాస్తకి ఖాళీ లేదు. పొడినేల మీద చిలకలా పలికేది తడినేల మీద మూగదైపోయింది. గంట బాబాయి మేకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆయన ఆ షెడ్డులో చేరినప్పటి నుంచీ పరీక్ష పొడి బల్ల మీదే చేశాడు. అలా చెయ్యమనే చెప్పారు మరి.

అప్పుడు టైము తొమ్మిదీ నలభై. కిటికీ అవతల చినుకులు మొదలయ్యాయి. అక్కడ మూడు రోజులుగా ముసురు పట్టిందని కూతురు మొన్న రాత్రే చెప్పింది.

ఆమె ఫోను తీసి కూతురికి చేసింది. మోగింది, మోగింది, ఆగింది. ఎత్తదు, ఎలా ఎత్తుతుంది? పని మొదలెట్టే ముందు ఫోన్లన్నీ అక్కడి క్యాంపులో ఒక డబ్బాలో పెట్టెయ్యాలి, ఫోను దగ్గరుంటే డిటెక్టరు కూస్తుంది కనక. మళ్ళీ పన్నెండింటికి గానీ తియ్యరు. సంగతి తెలిసీ మళ్ళీ చేసింది. మళ్ళీ చేసింది.

క్యాంపు ఆఫీసు నెంబరు గోడ మీద ఉంది. అటువైపు ఎవరో గుమాస్తా ఎత్తాడు.

"పని ఆపించండి బాబూ. మా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పళ్ళేల్లో ఒకటి పాడైంది. ఆకుపచ్చ చుక్క ఉంటుంది."

"మీరెవరండీ?"

"అది చేసిందాన్ని."

"అలా ఫోనులో చెబితే పని ఆపేస్తారేంటమ్మా? మీ మేనేజరు సంతకంతో లెటరు పంపించండి, పైకి పంపుతాం. అయినా పొద్దున్నే రేకుల పందిరి కింద ఇసుక పెట్టెలో అన్నీ టెస్టు చేసే తీసుకెళ్ళారు. అన్నీ మోగాయి."

"పొడి ఇసుక కదా బాబూ అది!"

"లెటరు పంపించండమ్మా" అని పెట్టేశాడు. పాపం అతని ఉద్యోగం అతనిది. ఆ క్షణంలో మాత్రం ఆమెకి అతని గొంతు పిసికెయ్యాలనిపించింది.

మేనేజరు పై ఆఫీసులో మీటింగులో ఉన్నారు. గంట బాబాయి ఆ వయసులో మెట్లు రెండేసి ఎక్కి వెళ్ళి పిలుచుకొచ్చాడు. ఆయన వచ్చారు, మట్టి చూశారు, మేకు చూశారు, ముఖం పాలిపోయింది.

"ముందు మనం సరిగ్గా తేల్చుకుందాం. ఒక్క పళ్ళెం చూసి గోల చేస్తే రేపు షెడ్డు మూసుకోవాలి. పన్నెండు కుటుంబాలమ్మా. మిగతా రెండూ కూడా చూడండి."

"చూడండి, వంద చూడండి! ముందు అక్కడ ఆపించండి సార్, మీ కాళ్ళు పట్టుకుంటాను. నా పిల్లండీ అది!"

"ఆపిస్తాను, ఆపిస్తాను. లెటరు టైపు చేయిస్తాను."

లెటరు టైపయ్యేసరికి పదకొండు. పై ఆఫీసులో చూసి, "పాడైంది" అనే మాట కొట్టేసి "పునఃపరీక్ష అవసరం" అని మార్చి, సంతకమై, క్యాంపుకి చేరేసరికి పదకొండూ యాభై, అక్కడ మళ్ళీ అది పైవాళ్ళ దాకా వెళ్ళాలి. ఆ రెండు గంటలూ సున్నా అక్క ఏం చేసిందంటే, ఏమీ చెయ్యలేదు. చెయ్యడానికి ఏమీ లేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, వానకేసి చూస్తూ, అయిదు నిమిషాలకోసారి ఆ డబ్బాలో పడున్న ఫోనుని మోగించింది. మధ్యమధ్య తన కుడిచెయ్యిని ఒళ్ళో పెట్టుకుని పరాయివాళ్ళ చెయ్యిలా చూసింది. గంట బాబాయి టీ తెచ్చిపెట్టాడు. అది చల్లారిపోయింది.

పన్నెండూ పదికి ఫోను మోగింది.

"అమ్మా! ఏంటి, ఇన్ని కాల్సా? ఏమైంది? ఒంట్లో బాగానే ఉందా?"

కూతురి గొంతు. ఆ గొంతు వినగానే సున్నా అక్క మెట్టు మీంచి లేచి నిలబడింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది.

"నా తల్లే, నా బంగారు తల్లే! ఉన్నావా? ఆ పళ్ళేన్ని ముట్టుకోకు, ఇక ముట్టుకోకు. నేను పంపింది, ఆకుపచ్చ చుక్కది. తడినేల మీద అది పలకదు. నా చేతిలో ప్లేటు వల్ల... తరవాత చెబుతాలే, ముందు దాన్ని అవతల పడెయ్యి!"

అటువైపు వాన చప్పుడులో కూతురు గొంతు పెంచింది.

"అమ్మా, అది నా దగ్గర లేదు."

"లేకపోవడమేంటే?"

"కొత్తగా ఒక పిల్ల చేరిందని చెప్పానే, భయం భయంగా ఉంటుందని. దాని పళ్ళెం పాతది, ఊరికే కూస్తోంది. మా అమ్మ చేసిందే, కళ్ళు మూసుకుని నమ్మొచ్చని నాది దానికిచ్చా. పొద్దున్నే ఇచ్చా."

"ఆ పిల్లేదీ? భోజనానికొచ్చిందా?"

"ఇంకో మీటరు నేలే ఉంది, అయిపోగొట్టి వస్తానంది. అమ్మా, ఉండు..."

ఫోను దేనిమీదో పడ్డ చప్పుడైంది. కూతురు ఈల ఊదడం వినపడింది. ఈల వింటే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోవాలి. పరిగెత్తుకుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకుని లాగడానికి లేదు అక్కడ. రెండు తాళ్ళ మధ్య, శుభ్రం చేసిన దారిలో, ఒక్కో అడుగే వెయ్యాలి. ఈల ఒకసారి, రెండోసారి. ఎవరో ఏదో కేకేశారు. తరవాత దూరంగా పెద్ద తలుపు దబ్బున వేసినట్టు ఒక చప్పుడు. ఆ తరవాత వాన.

సున్నా అక్క ఫోను చెవికి ఆనించుకుని "హలో, హలో" అంటూనే ఉంది. గంట బాబాయి వచ్చి ఆ ఫోను మెల్లగా ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

ఆ పిల్ల బతికింది. ఎడమకాలు మోకాలి కిందినుంచి పోయింది.

విచారణకి ఇద్దరు అధికారులు వచ్చారు. వాళ్ళు వచ్చేసరికి స్టోరులోని మూడు పళ్ళేలూ, సగంలో ఆగిన నాలుగోదీ తుక్కు కింద ముక్కలైపోయాయి. ఎవరు చెయ్యమన్నారో గంట బాబాయి చెప్పలేదు, తల దించుకున్నాడు. పేలుడులో పోయిన పళ్ళెం సంగతి సరేసరి, తీగ ముక్క కూడా దొరకలేదు. "లేని వస్తువుని ఎలా పరీక్ష చేస్తామమ్మా?" అన్నారు అధికారులు, అదీ మర్యాదగానే. సున్నా అక్క చెయ్యి చాపి, కోసిన మచ్చ చూపించి, మొదట్నుంచీ చెప్పింది. రాసుకున్నారు. కూతురు కూడా ఫోను సంగతి పూసగుచ్చినట్టు చెప్పింది. అదీ రాసుకున్నారు. చివరికి రిపోర్టులో వచ్చింది మాత్రం ఒకటే ముక్క: భోజనవేళ తొందరలో ఆఖరి మీటరు నేల సరిగ్గా వెతకకపోవడం వల్ల ప్రమాదం. షెడ్డులో మటుకు గుమ్మం దగ్గర చెక్క ట్రే పైన కొత్త కాగితం ఒకటి అంటించారు, ఒంట్లో ప్లేట్లూ రాడ్లూ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలని. దానికి కారణమేంటో ఆ కాగితంలో లేదు.

కూతురు తల్లిని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది. వారం వారం ఫోను చేస్తుంది. తిన్నావా, పడుకున్నావా, చెయ్యి ఎలా ఉంది అని అడుగుతుంది, పెట్టేస్తుంది. పకపకలూ వేళాకోళాలూ ఇప్పుడు లేవు.

రెండు నెలల తరవాత సున్నా అక్క బస్సెక్కి, ఒకటిన్నర రోజు కూర్చుని, ఆ పిల్ల ఉన్న ఆసుపత్రికి వెళ్ళింది. చిన్న పిల్ల, ఇరవై దాటి ఉండవు. మంచం పక్కన చంకకర్రలు గోడకి ఆనించి ఉన్నాయి. ఈమె ఎవరో చెప్పగానే ఆ పిల్ల ముఖం విప్పారింది.

"మీరేనా పెద్దమ్మా? మీ అమ్మాయి ఎప్పుడూ మీ గురించే చెప్పేది. కూర్చోండి, కూర్చోండి. అయ్యో, అంత దూరం నుంచి వచ్చారా నాకోసం?"

సున్నా అక్క కూర్చోలేదు. దారి పొడుగునా వల్లె వేసుకున్నదంతా నిలబడే చెప్పింది. బిళ్ళ సంగతి, ముల్లు సంగతి, మణికట్టులో ప్లేటు సంగతి, తడిమట్టి, మేకు. "తప్పు నాదమ్మా. నీది కానే కాదు. నువ్వు సరిగ్గానే వెతికావు. నేను చేసిన పళ్ళెమే నీకు చెప్పలేదు" అని చెయ్యి ముందుకి చాపింది.

ఆ పిల్ల ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి.

"ఎంత మంచివారు పెద్దమ్మా మీరు. నా మనసు తేలిక చెయ్యాలని ఇంత దూరం వచ్చి తప్పు మీ మీద వేసుకుంటున్నారు. నాకు తెలుసులెండి. ఆకలేసి తొందరపడ్డాను. రిపోర్టులో కూడా అదే రాశారు. మీ పళ్ళెం బంగారం. పొద్దున ఇసుక పెట్టెలో ఎంత బాగా పలికిందో!"

"కాదే తల్లీ, నా మాట విను..."

"వింటాను, ఊరుకోండి. ఏడవకండి మీరు."

పక్క మంచం మీది ఆవిడ కూడా "అవునమ్మా, ఏడవకండి, పిల్ల ధైర్యంగానే ఉంది" అంది. ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. సున్నా అక్క మళ్ళీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది, ముల్లు గురించి, సున్నా గురించి. ఆ పిల్ల ఓపిగ్గా, పెద్దవాళ్ళ మనసు నొప్పించకూడదని వినేవాళ్ళలా, తల ఊపుతూ కూర్చుంది.

చివర్లో ఆ మణికట్టు మీది మచ్చని బొటనవేలితో మెల్లగా నిమురుతూ అంది:

"కృత్రిమ కాలు పెట్టాక మళ్ళీ పనిలోకి తీసుకుంటామన్నారు పెద్దమ్మా. అప్పుడు కూడా నాకు మీ చేతిదే ఇప్పించండి. ఇంకెవరిదైనా అయితే నాకు భయం."